ఎదురుకాళ్ళ బిడ్డ

తమిళసీమలో ధర్మపురి దగ్గరి తుంబలహళ్లి వైపు ఎవరికైనా వీపు పట్టేస్తే మొదట డాక్టరు దగ్గరికి పోరు. మందుల షాపుకూ పోరు. చంద్రప్ప ఇంటికి పోతారు. చంద్రప్ప వైద్యుడేం కాదు, టమాటా పండించుకునే రైతు. ఆయన కూతురు సుగన్య ఎదురుకాళ్ళతో పుట్టింది, అంటే తలకు బదులు కాళ్ళు ముందుపెట్టి భూమ్మీదికి వచ్చింది. అట్లా పుట్టినవాళ్ళ పాదం తగిలితే పట్టు వదిలిపోతుందని అక్కడి తెలుగిళ్ళలో గట్టి నమ్మకం. చుట్టూ ఉన్న తమిళం వాళ్ళకూ అదే నమ్మకం. పొద్దున్నే పరగడుపున, పట్టేసిన మనిషి చాప మీద బోర్లా పడుకుంటే, సుగన్య గోడ పట్టుకుని నిలబడి, మెడ కింది నుంచి నడుము దాకా మడమతో రాసి, ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోతుంది. పడుకున్నవాళ్ళు లేచి, ఒళ్ళు విరుచుకుని, ఆ కాలు చల్లగుండాలని దీవించి పోతారు.

ఆ కాలికి ఆ మంచి పేరు ఊరికే రాలేదు. చంద్రప్ప పట్టుబట్టి తెచ్చాడు.

సుగన్య పుట్టిన రోజే తల్లి కెంపమ్మ పోయింది. ఇంట్లోనే కాన్పు. బిడ్డ కాళ్ళు బయటికొచ్చి తల లోపల చిక్కుకుంది. మంత్రసాని ఎట్లాగో బిడ్డను లాగింది గానీ తల్లికి రక్తం ఆగలేదు. పాలకోడు ఆస్పత్రికి పోయే జీపులోనే, చంద్రప్ప ఒళ్ళో తల పెట్టుకుని కళ్ళు తేలేసింది. శవం ఇంకా వాకిట్లో ఉండగానే చంద్రప్ప సొంత అక్క రంగమ్మాళ్ ఒక మాట అన్నది. "కాళ్ళు ముందుపెట్టి వచ్చింది, తల్లిని తొక్కేసింది" అని. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళంతా విన్నారు. అంతమంది నోళ్ళలో పడిన మాట ఇక ఎక్కడ ఆగుతుంది? బిడ్డ పాకే వయసుకల్లా "తల్లిని తొక్కినది" అనేది దానికి ఇంటిపేరైపోయింది.

చంద్రప్ప ఎవరితోనూ తగువు పెట్టుకునే మనిషి కాదు. కానీ ఆ మాట గొంతులో ముల్లులా గుచ్చుకుని కూర్చుంది. బిడ్డకు ఊహ తెలిసేలోపు ఆ మాట పోవాలి. లోకం నోరు మూయించడం ఎవరి తరమూ కాదు, కనీసం అందులో వేరే మాట పెట్టాలి. ఆ రోజుల్లోనే పక్క తోట గోవిందరాజుకు నారు నాటుతుంటే నడుము పట్టేసింది. చంద్రప్ప బిడ్డను చంకనేసుకుపోయి ఆయన వీపు మీద నిలబెట్టాడు. గోవిందరాజు రెండో రోజుకు లేచి తిరిగాడు. నడుము పట్టేసినవాడు ఎవడైనా రెండో రోజుకో మూడో రోజుకో లేస్తాడు, అది వేరే సంగతి. చంద్రప్ప మాత్రం ఆ కథను టీకొట్టులో చెప్పాడు, పాల సొసైటీలో చెప్పాడు, పాలకోడు మార్కెట్లో బరువులు దించేవాళ్ళకు చెప్పాడు. వీపు నొప్పి అన్నవాడల్లా ఆయన కళ్ళకు దేవుడు పంపిన మనిషిలా కనిపించాడు. పిలవకపోయినా బిడ్డను ఎత్తుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడేవాడు.

సుగన్య బడికి పోయే నాటికి ఊరి మాట మారిపోయింది. అది చల్లని కాలు అయింది. ఆ కాలి పేరు చెప్పుకుని పెళ్ళి సంబంధం కూడా వచ్చింది. టెంపో నడిపే యువరాజ్ తల్లి వీపు తొక్కించుకోవడానికి వచ్చి పిల్లను కోడలిగా అడిగి పోయింది. యువరాజ్ పెళ్ళి చేసుకుని ఈ ఇంట్లోనే ఉండిపోయాడు. పాత మాట సుగన్య చెవిన ఎప్పుడూ పడలేదని చంద్రప్ప నమ్మకం. పడిందో లేదో ఆయన ఎన్నడూ అడగలేదు, అడగడానికి ధైర్యం చాలలేదు.

ఇప్పుడు చంద్రప్పకు అరవై దాటాయి. వీపు బిగిసిపోయి ఏళ్ళయింది. బండి మీద పోతూ వెనక్కి చూడాలంటే తల తిరగదు, బండి ఆపి మనిషంతా తిరగాలి. టమాటా పెట్టెలు మోసిన వీపు, అట్లా కాక ఇంకెట్లా ఉంటుందని సరిపెట్టుకున్నాడు. ఆ వారం పెట్టె ఎత్తుతుంటే భుజాల కింద కలుక్కుమంది. పడుకుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. ఫోన్లో అక్కతో చెప్పుకుని మూలిగాడు. మర్నాడు, యువరాజ్ హోసూరుకు లోడు తీసుకుపోయిన పొద్దున, వంటింటి గోడ పక్కన చాప పరుచుకుని తనే బోర్లా పడుకున్నాడు.

"కొంచెం తొక్కు బిడ్డా."

సుగన్య ఎప్పటిలాగే మడమతో రాసింది.

"అట్ల రాస్తే యాడ చాలుతాది? బరువు వెయ్యి."

"వద్దు నాయినా. నేనేమన్నా చిన్నబిడ్డనా ఇప్పుడు?"

"నీ బరువు నాకు ఒక బరువా? ఎక్కు."

సుగన్య గోడ పట్టుకుని ఎక్కింది. ఆయనే చెప్పి చెప్పి నిలబెట్టాడు. ఇంకొంచెం కిందికి, ఇంకొంచెం, ఆ, ఆడనే నిలబడు. లోపల ఎక్కడో టక్కుమంది. ఇద్దరికీ వినబడింది. సుగన్య ఉలిక్కిపడి దిగింది. చంద్రప్ప చాప మీదనుంచే నవ్వాడు.

"వదిలింది సూడు. నీ కాలు చల్లగుండ."

మధ్యాహ్నానికి అరికాళ్ళు తిమ్మిరెక్కాయి. షుగరుంది కదా, అదే అనుకున్నాడు. సాయంత్రం వాకిట్లోకి పోతుంటే ఒక చెప్పు కాలి నుంచి జారిపోయింది, జారిన సంగతే తెలియలేదు. మర్నాడు లేచి నిలబడబోతే మోకాళ్ళు మడిచిన గుడ్డల్లా కూలాయి. అప్పుడు కూడా రేపు చూద్దాంలే అన్నాడు. ఒంటికి పోవడం ఆగిపోయి, పొట్ట ఉబ్బి, యువరాజ్ హోసూరు నుంచి తిరిగొచ్చేసరికి ఇంకో రోజు గడిచింది. టెంపోలో పరుపు వేసి ధర్మపురికి తెచ్చారు. దారి పొడుగునా సుగన్య ఒక్క మాట మాట్లాడలేదు. భయపడింది పిచ్చిది అనుకున్నాడు చంద్రప్ప.

పెద్దాస్పత్రిలో కాళ్ళ మీద సూదులు గుచ్చి చూశారు. తగులుతోందా అని అడిగారు. తగల్లేదు. తరవాత గుండ్రటి యంత్రంలోకి తోసి ఫోటోలు తీశారు, ఇంకో పెద్ద శబ్దం చేసే యంత్రంలోకి తోసి మళ్ళీ తీశారు. అంతా అయ్యాక వసారాలో తోపుడు మంచం మీద పడుకోబెట్టి పోయారు. సుగన్య ఇంటి నుంచి తెచ్చిన పాత కాగితాల సంచీ లోపల ఇచ్చి, మందులు తేవడానికి కిందికి పోయింది.

ఆ కాస్త ఒంటరితనంలోనే చంద్రప్పకు మొదటిసారి అసలు భయం వేసింది. ఆ టక్కుమన్న చప్పుడు గుర్తొచ్చింది. ఆయన తుంబలహళ్లి మనిషే గానీ బుర్రలేని మనిషి కాదు. ఇది ఆ తొక్కుడు వల్లనే అయితే? వాకిట్లో శవం పక్కన పుట్టిన మాట, ముప్పయ్యేళ్ళు కష్టపడి పూడ్చిపెట్టిన మాట, మళ్ళీ లేచి కూర్చుంటుంది. తల్లిని తొక్కింది, ఇప్పుడు తండ్రినీ తొక్కింది అంటారు. అంటారేమిటి, అనడానికి అక్క ఒక్కతి చాలు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ పాత మాటను దులిపి ఎత్తుకుంటాయి. ఊరు సంగతి అటుంచితే, ఆ పిల్ల తనని తాను ఏమనుకుంటుంది? కాళ్ళు పోతే పోయాయి. ఫోటోల్లో ఏది కనిపించినా పాతదని, వయసుదని చెప్పాలి. చంద్రప్ప దేవుణ్ణి అడిగింది ఆ ఒక్కటే.

ఫోటోలు చదివే డాక్టరమ్మ పేరు సత్యప్రియ. ఇలాంటివాళ్ళు మామూలుగా రోగుల మొహం చూడరు, చీకటి గదిలో కూర్చుని తెర మీద ఎముకలు చూసి రాసేస్తారు. ఆమె మాత్రం లేచి వచ్చింది. కాగితంలో కాళ్ళు చచ్చుబడ్డాయని తప్ప ఏం జరిగిందో ఎవరూ రాయలేదు, ఆమెకు కనిపించిందేమో ఆ రెండు ముక్కలతో పొసగలేదు. మంచాన్ని తెర పక్కకు తోయించి తమిళంలో మొదలుపెట్టింది. చంద్రప్ప నొప్పికి "అమ్మా, మెల్లగా" అని తెలుగులో అనేసరికి ఆమె కూడా తెలుగులోకి వచ్చింది.

"మా ఇంట్లోనూ ఇదే తాతా. మా అవ్వగారిది పాలకోడు పక్కనే. ఇది చూడండి, మీ వీపు ఎముకలు. పక్కనుంచి చూస్తే ఇట్ల కనిపిస్తాయి, ఒకదాని మింద ఒకటి. మధ్యలో ఈ సన్నటి సందులు ఉండాయే, అక్కడ దిండు మాదిరి మెత్తగా ఉండాల. మీకు అరిగిపోయినాయి."

"అరిగిందంటే?"

"వయసు. జబ్బు కాదు. మీ వయసులో నూరుమందిని ఈ యంత్రంలో పెడితే ఎక్కువమందికి ఇట్లనే కనిపిస్తాది. చూసి భయపడేది ఏమీ లేదు."

చంద్రప్ప ప్రాణం లేచొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆపుకోలేదు.

"ఇక్కడ చూడండి. ఎముకకీ ఎముకకీ ముందు వైపు బెల్లం పాకం కారి గట్టిపడినట్ల ఉండాది కదా. ఎముకే అట్ల పెరిగి వంతెనలు కట్టేసింది. షుగరున్నోళ్ళకి ఎక్కువ వస్తాది. మీ వీపు బిగుసుకుపోయింది దీనివల్లనే."

ఆమె ఇంకో బొమ్మ తెచ్చింది, వీపును అడ్డంగా కోసి పైనుంచి చూసినట్టు ఉంది. చంద్రప్ప పరీక్షగా చూశాడు. భూమి చూసే కళ్ళు కదా, తేడా వెంటనే పట్టాయి.

"అంతా కుడిపక్కనే పెరిగింది. ఎడమపక్క ఏమీ లేదే?"

"ఎడమపక్క గుండె నుంచి వచ్చే పెద్ద నరం ఉంటాది. అది రాత్రీ పగలూ కొట్టుకుంటానే ఉంటాది. ఆ కదలిక ఉన్న చోట ఎముక పెరగదు."

చంద్రప్పకు అది చక్కగా అర్థమైంది. డ్యాము కాలవలో నీళ్ళు పారే పక్క మన్ను నిలవదు, పారని పక్కే మేట వేస్తుంది. ఇంత వయసొచ్చాక తన లోపల కూడా అదే జరుగుతోందని తెలిసి, ఆ స్థితిలో కూడా, కొంచెం ఆశ్చర్యపడ్డాడు.

సత్యప్రియ సంచీలోంచి పాత ఫిల్ము తీసి కిటికీ వెలుతురుకు పెట్టింది. ఎప్పుడో దగ్గు పట్టుకుంటే గుండెలకు తీయించిన ఫోటో అది.

"ఇందులోనూ వంతెనలు ఉండాయి, కొంచెం పలచగా. అంటే ఇవన్నీ పాతవి. ఎవరూ మీకు చెప్పలేదు, ఎందుకంటే అప్పుడు చూసినోళ్ళు దగ్గు కోసం చూసినారు."

"అన్నీ పాతవే కదమ్మా," అన్నాడు చంద్రప్ప. "అట్లనే రాసేయండి. పాతది, అరుగుడు అని."

ఆమె మొదటి బొమ్మ మళ్ళీ తెచ్చి, వీపు మధ్య కన్నా కొంచెం కింద, ఒక వంతెనకు అడ్డంగా ఉన్న నల్లటి గీత మీద వేలు పెట్టింది.

"ఇది పాతది కాదు తాతా. పాత విరుగుడైతే అంచులు నున్నగా, తెల్లగా గట్టిపడి ఉంటాయి. దీని అంచులు చూడండి, అప్పుడే విరిచినట్ల పదునుగా ఉండాయి. పెద్ద యంత్రంలో తీసిన దాంట్లో చుట్టూ వాపు, లోపల రక్తం గడ్డకట్టి ఉండాది. ఆ గడ్డ, జరిగిన ఎముక రెండూ కలిసి నరాల తాడును నొక్కేసినాయి. ఇది ఈ నాలుగైదు రోజుల లోపలే అయింది. ఏం జరిగింది?"

"పడినానమ్మా."

"ఎట్ల పడినారు?"

"తోటలో. జారి, కూలబడినా."

సత్యప్రియ తల అడ్డంగా ఊపింది. కోపంగా కాదు, లెక్క తప్పు చెప్పిన పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"కూలబడితే ఎముక నలుగుతాది, ముందు వైపు పొట్టి అవుతాది. మీది నలగలేదు. ముందు వైపు నోరు తెరుచుకుంది. వీపును వెనకనుంచి గట్టిగా లోపలికి నొక్కితేనే ఇట్ల తెరుచుకుంటాది. మామూలు వీపైతే నొక్కినా వంగి ఊరుకుంటాది. మీది వంగదు, అన్నీ కలిసి ఒకటే కట్టె అయిపోయినాయి. చిన్న బరువు చాలు."

చిన్న బరువు. చంద్రప్ప కళ్ళు మూసుకున్నాడు. నీ బరువు నాకు ఒక బరువా అని తనన్న మాట చెవుల్లో మోగింది.

"వెనక్కి పడినానమ్మా," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "మోటారు షెడ్డు కాడ. మెట్టు రాయి ఉండాది, దాని అంచు మింద వీపు పడింది."

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. గొంతు తగ్గించింది.

"ఎదురుకాళ్ళోళ్ళతో తొక్కించుకునేది మా వీధిలోనూ ఉండాది తాతా. మా అవ్వ కూడా తొక్కించుకునేది. మీ వీపును ఎవరన్నా తొక్కినారా?"

"లేదు."

"ఎవరి మిందా తప్పు పెట్టేదానికి అడగలేదు. ఆపరేషన్ ఎట్లయినా ఒకటే. ఇంకో ముసలాయన వీపు విరగకుండా ఉండాలని అడిగినా."

"ఎవరూ తొక్కలేదు తల్లీ. నేను పడినా. నేనొక్కణ్ణే ఉండినా అప్పుడు."

సత్యప్రియ తెర వైపు తిరిగింది. తెర మీది గీత ఆమెకు ఒక మాట చెబుతోంది, మంచం మీది మనిషి ఇంకో మాట చెబుతున్నాడు. రాయి అంచు మీద వెల్లకిలా పడినా ముందు వైపే తెరుచుకుంటుంది, కాదనడానికి లేదు. చివరికి కీబోర్డు ముందుకు లాక్కుని టైపు చేసింది.

"పడినాననే రాసినారా అమ్మా?"

"రాసినా."

చంద్రప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. అప్పుడు గానీ రెండో ప్రశ్న గుర్తుకు రాలేదు.

"కాళ్ళు వస్తాయా అమ్మా?"

"ఆపరేషన్ చేసే డాక్టరు చెప్తారు." తెర మీదనుంచి చూపు తిప్పి, "శానా ఆలస్యం అయింది తాతా. ఆశ తక్కువ" అన్నది.

సుగన్య మందులతో వచ్చేసరికి చంద్రప్ప మొహం తుడుచుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆమెకు పడ్డానని చెప్పడానికి లేదు. ఆ రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంట్లో ఆయన పక్కనే ఉన్నది ఆమె. అందుకని ఆమె కోసం వేరే మాట దాచిపెట్టుకున్నాడు.

"డాక్టరమ్మ అంతా చూపించింది బిడ్డా. అన్నీ అరిగిపోయినాయంట. వయసు. ఎప్పుడో దగ్గుకి తీసిన ఫోటోలోనే ఉండాదంట. ఎట్లయినా రావాల్సిందే, ఇప్పుడు వచ్చింది. ఎవరేం చేసినా ఆగేది కాదంట."

చివరి మాట ఎక్కువైందేమో అనుకున్నాడు. సుగన్య "సరి నాయినా" అని మందుల సంచీ తల దగ్గర పెట్టింది. నమ్మింది అనుకున్నాడు. నమ్మాలని అంతగా ఉంటే మనిషి ఏదైనా అనుకుంటాడు.

ఆపరేషన్ జరిగింది. వీపులో కమ్మీలు పెట్టి బిగించారు. కాళ్ళు రాలేదు. పొద్దున రౌండ్లకు వచ్చినప్పుడల్లా డాక్టర్లు బొటనవేలు కదపమంటారు, చంద్రప్ప పళ్ళు బిగించి కదుపుతాడు, వేలు ఉన్నచోటే ఉంటుంది. ఇంటికి పోయాక ఎట్లా పక్క మార్చాలో, పుండ్లు పడకుండా ఎట్లా చూసుకోవాలో నర్సు సుగన్యకు నేర్పింది. యువరాజ్ మంచం కోసం ఇంటి గుమ్మం వెడల్పు చేయిస్తున్నానని చెప్పి పోయాడు. ఇక నడిచేది లేదని ఎవరూ నోరు తెరిచి అనలేదు. గుమ్మం సంగతి విన్నాక అనాల్సిన పని కూడా లేకపోయింది. ఆ మధ్యాహ్నం చంద్రప్ప గోడవైపు తల తిప్పుకుని ఏడ్చాడు.

పక్క మంచం రోగికి తోడుగా కణ్ణగి అనే ఆమె ఉంది, మారండహళ్లి మనిషి. నేల మీద పడుకుని పడుకుని ఆమెకు మెడ కింద పట్టేసింది. సుగన్యను ఎగాదిగా చూసి, "తుంబలహళ్లిలో తొక్కే ఆమె నువ్వే కదమ్మా? మా ఆడబిడ్డ నీ దగ్గరికి వచ్చి పోయింది. ఒక్కసారి కాలు పెట్టమ్మా, పుణ్యముంటుంది" అని తమిళంలో అడిగింది.

చంద్రప్ప నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు గానీ చెవులు మూయలేదు.

"నేను కాదక్కా," అన్నది సుగన్య. "నేను అందరి మాదిరే పుట్టినాను. తలకాయతోనే."

ఆ మాట చంద్రప్ప గుండెలో ఎక్కడో దిగింది. ఎదురుకాళ్ళ పుట్టుకను ఆ పిల్ల ఇన్నేళ్ళుగా చిన్నతనంగా అనుకోకుండా, తలెత్తుకుని చెప్పుకునేలా చేసింది ఆయనే. అలిసిపోయి అట్లా అన్నదిలే, ఆస్పత్రిలో తొక్కడాలేమిటి అని సర్దిచెప్పుకున్నాడు. కొంచెం కళ్ళు తెరిచి చూస్తే సుగన్య స్టూలు మీద కూర్చుని, పాదాలు రెండూ చీర కుచ్చెళ్ళ కిందికి లాక్కుని ఉంది. నేల చల్లగా ఉందేమో అనుకున్నాడు.

మర్నాడు రంగమ్మాళ్ వచ్చింది. ఎనభై దగ్గరపడినా నడుం వంగలేదు, నోరు అసలే వంగలేదు. బస్టాండు నుంచి నడిచొచ్చి, తమ్ముడి కాళ్ళు పట్టుకుని, "ఏమిరా చంద్రా, ఎట్ల ఉండేవోడివి, ఎట్ల అయిపోయినావు" అని కాసేపు ఏడ్చింది. ఏడుపు దొంగ ఏడుపు కాదు. తమ్ముడంటే ఆమెకు ప్రాణమే. కానీ ఏడుపు అయ్యాక ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, కళ్ళు చిన్నవి చేసింది.

"వీపు పట్టేసిందని ఫోన్‌లో చెప్తివే. బిడ్డ చేత తొక్కించుకున్నావా ఏంది?"

పక్క మంచం దగ్గర కణ్ణగి కూడా తల తిప్పింది.

చంద్రప్ప లోపల లెక్కలు వేసుకున్నాడు. పడ్డానని చెబితే సుగన్య ఇక్కడే ఉంది, అబద్ధమని ఆమెకు తెలుసు. అరుగుడని చెబితే అక్క నమ్మదు. నిన్నటిదాకా బాగున్న కాళ్ళు అరుగుడికి ఒక్క రోజులో పోతాయా అని ఇంకో ప్రశ్న వేస్తుంది, ఆ ప్రశ్నకు ఇంకోటి. డాక్టరుకొకటి, కూతురికొకటి చెప్పి రెంటినీ ఎప్పటికీ కలవకుండా చూసుకోవచ్చనుకున్న తెలివికి ఆయనకే అసహ్యం వేసింది.

"తొక్కలేదత్తా," అన్నది సుగన్య.

కాళ్ళకు నూనె రాస్తోంది ఆమె. చెయ్యి ఆపలేదు, తల ఎత్తలేదు.

"తోటలో జారి పడినాడు. మోటారు షెడ్డు కాడ మెట్టు రాయి ఉండాది కదా, వెనక్కి పడి దాని అంచు వీపులో దిగింది. డాక్టరమ్మ కూడా అట్లనే రాసింది, కావాలంటే అడుగు. పట్టేసిందని తొక్కమంటే నేనే, సాయంత్రం చూద్దాం పో నాయినా అనినా. ఆ లోపల తోటకి పోయి పడినాడు."

"ఆ రాయి తీసెయ్యండిరా అని ఎన్ని మార్లు చెప్పినా," అన్నది రంగమ్మాళ్. నిజంగా ఎప్పుడూ చెప్పలేదు, అయినా ఆ క్షణాన చెప్పానని నమ్మింది. కణ్ణగి అయ్యో అని తల అటు తిప్పేసుకుంది. ఇక ఆ మాట తుంబలహళ్లి చేరుతుంది, పాలకోడు చేరుతుంది. రంగమ్మాళ్ నోట పడింది కాబట్టి వేగంగానే చేరుతుంది. చంద్రప్ప కోరుకున్నది అదే. కోరుకున్నది చేతికొచ్చినప్పుడు మనిషికి ఎంతో కొంత ఊరట ఉండాలి. ఆయనకు అది దొరకలేదు.

రంగమ్మాళ్ మూడు గంటల బస్సుకని లేచి పోయింది. కణ్ణగి గిన్నెలు కడగడానికి బయటికి పోయింది. సుగన్య నూనె చెయ్యి గుడ్డకు తుడుచుకుని స్టూలును తల దగ్గరికి జరుపుకుంది.

"డాక్టరమ్మ ఆపరేషన్ ముందు నన్ను పిలిచి అడిగింది నాయినా. మోటారు షెడ్డు కాడ మెట్టు రాయి మింద వెనక్కి పడినానంటాడు మీ నాయిన, నువ్వు చూసినావా అని. నేను చూడలేదని చెప్పినా."

చంద్రప్ప ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. తప్పు నాది బిడ్డా, వద్దంటే వినకుండా ఎక్కించింది నేను అని చెప్పాలనుకున్నాడు. అది చెబితే జరిగింది జరిగిందని ఒప్పుకున్నట్టే. ఆయన చెప్పలేకపోయాడు. ఆమె చెప్పనివ్వలేదు కూడా.

"ఊరికి పోతే అందరూ వస్తారు. ఇద్దరమూ ఒకటే చెప్పాల కదా," అన్నది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఏ కాలు జారింది నాయినా?"

"కుడి కాలు."

"చెప్పులు ఉండెనా?"

"ఉండె. తడి చెప్పులు."

సుగన్య తల ఊపింది.

"అప్పుడు నేను యాడ ఉండినా?"

"నువ్వు లేవు బిడ్డా," అన్నాడు చంద్రప్ప. "నా దగ్గిర లేవు. దూరంగా, వంటింట్లో ఉండినావు."

"వంటింట్లో ఉండినా," అన్నది సుగన్య. మరిచిపోకుండా ఇంకోసారి మెల్లగా అనుకుని, దుప్పటి ఆయన కాళ్ళ మీదికి లాగింది.